నీడల మీద అంత పగ ఎందుకు?

 

వార్షికోత్సవ సంచికలో వ్యాసం అనగానే చదువు గురించో, క్రమశిక్షణ గురించో, లక్ష్యసాధన గురించో రాయడం ఆనవాయితీ. వాటి గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఫోటోలు తీసి బతికేవాణ్ణి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా పెళ్ళిళ్ళకు, పుట్టువెంట్రుకలకు, దినాలకు కెమెరా మోసుకొని తిరుగుతుంటాను. కాబట్టి నాకు తెలిసిన దాని మీదే నా అభిప్రాయం చెబుతాను. దాని పేరు హెచ్.డి.ఆర్. ఇప్పుడు వస్తున్న సెల్‌ఫోన్లలో దాదాపు అన్నింటిలోనూ ఉంది. దానివల్ల మన ముఖాలకు మేలూ జరుగుతోంది, కీడూ జరుగుతోంది. మేలు ఎక్కడ ఆగుతుందో, కీడు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలన్నదే నా తాపత్రయం.

1980లలో, 1990లలో ఇలాంటి హాస్టళ్ళలో చదివినవారి ట్రంకు పెట్టెలు వెతికితే పదో తరగతి గ్రూపు ఫోటో ఒకటి దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. అందరికీ తెల్ల చొక్కాలు. చొక్కాల గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు గానీ ముఖాలు మాత్రం మసిబొగ్గులా ఉంటాయి. మూడో వరుసలో ఎడమ నుంచి నాలుగోవాడు ఎవడో పళ్ళను బట్టి పోల్చుకోవాలి. ఇందులో ఫోటో తీసినవాడి తప్పు పెద్దగా లేదు. ఎండలో తెల్ల చొక్కా నుంచి వచ్చే వెలుగు ఎక్కడ, నల్లని ముఖం నుంచి వచ్చే వెలుగు ఎక్కడ! అందులోనూ కనుబొమ్మల కింద, ముక్కు కింద పడే నీడ మరీ చీకటి. ఆనాటి ప్రింటు ఆ రెండు కొసలనూ ఒకేసారి పట్టుకోలేకపోయింది.

ఈ తేడాను ఫోటోగ్రాఫర్లు స్టాపులలో లెక్కిస్తారు. ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది. మండుటెండలో వెలుగు సుమారు లక్ష లక్స్ ఉంటుంది. చిన్న కిటికీ ఉన్న గది లోపల వంద లక్స్ ఉందనుకుందాం. తేడా వెయ్యి రెట్లు, అంటే 10 స్టాపులు. లెక్కల్లో ఆసక్తి ఉన్న తమ్ముళ్ళు రెండును పదిసార్లు గుణించి చూసుకోవచ్చు, 1024 వస్తుంది. గడపలో నిలబడి బయటకు చూస్తే మన కంటిపాప చిన్నదవుతుంది, లోపలికి చూస్తే పెద్దదవుతుంది. మెదడు ఆ రెంటినీ కలిపి ఒకే దృశ్యంగా మనకు అందిస్తుంది. కెమెరాకు ఆ సౌకర్యం లేదు. ఒక్క క్లిక్కుకు ఒక్కటే కొలత. మంచి డిజిటల్ కెమెరా ఒక్క దెబ్బకు 12 నుంచి 14 స్టాపుల దాకా పట్టుకుంటుంది. కాగితం మీద అచ్చయ్యేసరికి అందులో సగం కూడా మిగలదు.

దీనికి విరుగుడే హెచ్.డి.ఆర్., అంటే హై డైనమిక్ రేంజ్. ఒకే దృశ్యాన్ని ఒకసారి వెలుగు తక్కువగా, ఒకసారి సరిగ్గా, ఒకసారి ఎక్కువగా తీస్తారు. మొదటి దాంట్లోంచి ఆకాశాన్ని, మూడో దాంట్లోంచి చీకటి మూలలను తీసుకొని ఒకే ఫోటోగా కలుపుతారు. అలా కలిపిన విస్తృతి అంతటినీ తెర మీదకో కాగితం మీదకో పట్టేలా కుదించడాన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. గొడవంతా వచ్చేది ఈ కుదింపులోనే.

ఈ ఉపాయం కంప్యూటరుతో పుట్టిందనుకుంటే పొరపాటు. 1850లలోనే గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫరు సముద్రానికి ఒక నెగటివు, ఆకాశానికి ఒక నెగటివు తీసి రెంటినీ ఒకే ప్రింటులో కలిపాడు. ఆ కాలపు గాజు పలకలకు నీలిరంగంటే అతి చురుకు. అందువల్ల ఆకాశం వట్టి తెల్లగా వచ్చేది. మన పాత జిల్లాకు ఏ నిజాం పేరు పెట్టారో ఆ మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ కూడా అలాంటి గాజు పలకల మీద పనిచేసినవాడే. అక్కడి నుంచి చాలా దూరం వచ్చాం. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అనే ఇద్దరు అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఉండగా, మామూలు ఫోటోలు కొన్నింటిని కలిపి అసలు దృశ్యంలోని వెలుగును లెక్కకట్టే పద్ధతిని ప్రకటించారు. ఈ మాలిక్ గారు ఐ.ఐ.టి. కాన్పూరులో చదివిన మన దేశస్థుడే. 2003లో ఫోటోమాటిక్స్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చి ఈ పని సామాన్యుల చేతికి చిక్కింది. 2010లో ఐఫోన్‌లోకి వచ్చింది. 2013లో గూగుల్ నెక్సస్ ఫోనులో మరింత తెలివిగా వచ్చింది. ఇప్పుడు మనం బొత్తాం ఒక్కసారే నొక్కుతాం గానీ ఫోను కంటికి తెలియకుండా గబగబా నాలుగైదో, అంతకంటే ఎక్కువో ఫోటోలు తీసి కలిపేస్తుంది. మనం అడిగినా అడగకపోయినా!

సాధనం చేతికొచ్చింది కదా అని జనం ఏం చేశారు? ఆకాశాన్ని సిరా బుడ్డిలో ముంచారు. మేఘాలను ఇనుప తుక్కులా చేశారు. నీడ అనేదే కనిపించకుండా మూలమూలకూ సున్నం కొట్టారు. గద్వాల కోటకు ఇలాంటి ఫోటోలు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. 17వ శతాబ్దంలో సోమనాద్రి కట్టించిన కోట గోడ, గోడ వెనక మామూలు ఆకాశం. ఫోటోలో మాత్రం గోడ అంచు పొడుగునా తెల్లటి పొగలాంటి వెలుగు చార, గోడ మీద ప్రతి రాయీ ఇప్పుడే వార్నిష్ పూసినట్టు మెరుపు, వెనక ప్రళయం వచ్చేటంత మబ్బు. ఆ పొగచారనే హేలో అంటారు. అది కనిపించిందంటే చెయ్యి దాటిందని గుర్తు. మూడు శతాబ్దాలు ఎండకు ఎండి వానకు తడిసిన గోడకు ఆ తళుకు ఎక్కడిది?

అలంపురంలో ఇంకో రకం నష్టం చూస్తాం. బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. 7వ శతాబ్దపు ఆ శిల్పి దగ్గర రంగులు లేవు, రాయీ ఉలీ ఉన్నాయి. మూడోది ఎండ. ఎక్కడ లోతుగా చెక్కితే ఎక్కడ నీడ పడుతుందో అతనికి తెలుసు. స్వర్గబ్రహ్మ ఆలయం గోడ మీది బొమ్మకు నడుము వంపు తెలిసేది పక్కన పడిన నీడ వల్లనే. ఎడిటింగులో షాడోస్ అనే స్లైడరును వంద దాకా లాగినవాడు ఆ శిల్పి పనిని చదును చేస్తున్నాడన్నమాట. బొమ్మ గోడకు అంటించిన అట్టముక్కలా కనిపిస్తుంది. అదే గుడి లోపలికి వెళ్ళండి, నా మాట మారుతుంది. లోపల చీకటి, రాతి జాలీ కిటికీ గుండా వచ్చే ఎండ కళ్ళు చెదిరేంత. ఒక్క ఫోటోలో అయితే కిటికీ నక్షీ అయినా పోతుంది, స్తంభమైనా పోతుంది. ఇక్కడ హెచ్.డి.ఆర్. వాడకపోతేనే తప్పు. మూడు ఫోటోలు తీసి కలపండి. స్టాండు వాడాలంటే పురావస్తు శాఖ వారి అనుమతి కావాలి కాబట్టి, అది లేనప్పుడు స్తంభానికి ఆనుకొని ఊపిరి బిగబట్టి తీయండి. కలిపాక స్తంభం కనబడాలి గానీ పగటి వెలుగులో ఉన్నట్టు కనబడకూడదు. గుళ్ళోకి అడుగుపెట్టిన రెండు నిమిషాలకు కళ్ళు అలవాటు పడ్డాక మీకు ఎంత కనిపించిందో అంతే కనబడాలి. నా దృష్టిలో కొలత అదే. కన్ను చూసి కెమెరా పట్టలేకపోయిన దాన్ని తెచ్చుకోవడం న్యాయం. ఏ కన్నూ చూడనిదాన్ని తయారుచేసి, ఇది అలంపురం అనడం అన్యాయం.

కళ అన్నాక స్వేచ్ఛ ఉండొద్దా అని మిత్రులు వాదిస్తారు. ఉండాలి. బొమ్మ గీసేవాడు నల్లమలను ఎర్రగా గీసినా నేను అడ్డం పడను. తన ఊహ అని చెప్పి హెచ్.డి.ఆర్.తో ఎంత వింత చేసినా చూసి ఆనందిస్తాను. కానీ ఫోటో కింద ఊరి పేరు, మనిషి పేరు రాశాక అది సాక్ష్యం కిందికి వస్తుంది. హాస్టలు గోడకు చెమ్మ ఎక్కిందనుకోండి. ఫోటో తీసి పంపాలి. ఫోను తనంతట తాను వెలుగు పెంచి ఆ మరకను మాయం చేయవచ్చు. మీరు క్లారిటీ స్లైడరు లాగితే అదే మరక గోడ కూలిపోయేంత భయంకరంగా తేలవచ్చు. మొదటిది చూసినవారు సమస్యే లేదంటారు. రెండోది చూసి వచ్చినవారు గోడను చూసి, ఆ తరువాత మీరు పంపే ఏ ఫోటోనూ నమ్మరు. మధ్యాహ్నం సాంబారు ఫోటోల సంగతి నేను మాట్లాడను. హెచ్.డి.ఆర్.లో ఏ సాంబారైనా చిక్కగానే కనిపిస్తుంది.

డబ్బు నష్టం కూడా ఉంది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ వేరుగా నేసి కలిపే కుట్టు పని ఈ చీర ప్రత్యేకత. ఇప్పుడు మగ్గం ఇళ్ళ నుంచి చీర ఫోటో వాట్సాప్‌లో వెళ్ళి ఎక్కడో ఉన్న కొనుగోలుదారు ఫోనులో తేలుతోంది. జరీ వెలుగును అద్దంలా విసురుతుంది, నూలు మింగుతుంది. ఒక్క ఫోటోలో జరీ తెల్లటి మచ్చగా మారుతుంది, అందులోని కోటకొమ్ముల నక్షీ పోతుంది. కాబట్టి రెండు మూడు ఫోటోలు కలపడం ఇక్కడ నిజంగా అవసరం. కానీ అక్కడితో ఆగకుండా రంగు పెంచితే ఉల్లిపొర రంగు గులాబీ అవుతుంది, నూలు ఒంటికి పట్టు మెరుపు వస్తుంది. చీర చేతికి అందినవారు ‘ఇది ఫోటోలో చీర కాదు’ అని తిప్పి పంపుతారు. పోనురాను ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కరలేదు. నాకు తెలిసిన ఇళ్ళలో నేను చెప్పే మాట ఒక్కటే. చీరను నీడలో, ఉత్తరం వైపు వెలుతురులో పరవండి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. ఫోటోలో ఆ కాగితం తెల్లగా ఉంటే చీర రంగూ సరిగ్గానే ఉన్నట్టు. కాగితం నీలంగానో పసుపుగానో ఉంటే దాన్ని సరిచేశాకే పంపండి.

ఇక నాకు అన్నింటికంటే కోపం తెప్పించేది మరొకటి ఉంది. ఫోటోల పోటీలలో, ప్రదర్శనలలో తరచుగా ఒక ముసలాయన కనిపిస్తాడు. తలపాగా, నెరిసిన గడ్డం, చేతిలో బీడీ. కింద పాలమూరు రైతు అనో, వలస కూలీ అనో రాసి ఉంటుంది. హెచ్.డి.ఆర్. పేరుతో ఆ ముఖం మీది ప్రతి ముడతనూ నాగటి చాలులా తవ్వుతారు. చర్మాన్ని రంగు పోయిన తోలులా, కళ్ళను గాజు గోళీలలా చేస్తారు. చూసినవాళ్ళు ఎంత లోతైన చిత్రం అంటారు. బహుమతి కూడా వస్తుంది. ఆయన మన తాత అండీ! మన జిల్లాల నుంచి బొంబాయికీ, పూనాకూ మట్టి పనికి పోయినవారి ముఖాలు మనం ఇళ్ళల్లో చూసినవే. ఆ ముడతలు నిజమే. కానీ మనవడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అదే ముఖం ఎంత మెత్తగా అవుతుందో మనకు తెలుసు. ఆయన ముఖాన్ని ఎండిన చెరువులా చూపించాలనుకున్నవాడు ముందే కరువును మనసులో పెట్టుకొని వచ్చాడు. నిజమైన ఎండ చేసిన దానికంటే ఎక్కువ గీతలు గీసే హక్కు వాడికి ఎవరిచ్చారు? తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను, పాత ఇళ్ళ దర్వాజాలను ఏళ్ళ తరబడి తీసిన భరత్ భూషణ్ గారు 2022లో కన్నుమూశారు. ఈ విద్య నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు ఆయన ఫోటోలు వెతికి చూడండి. అందులో మనుషులు పక్కింటివారిలా ఉంటారు, వింత వస్తువుల్లా ఉండరు.

ముడతలు తవ్వడం ఒక పక్క, తెల్లబరచడం మరో పక్క. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఫోనులో బ్యూటీ అనేది వేరు, హెచ్.డి.ఆర్. వేరు. మొదటిది చర్మాన్ని నున్నగా, తెల్లగా చేయడానికే పుట్టింది. రెండోది చీకట్లో పోయిన వివరాన్ని తేవడానికి. కానీ నీడలను అతిగా లేపినప్పుడు నల్లని చర్మం కూడా నీడ కింద లెక్కలోకి వస్తుంది. యంత్రానికి నీడ ఏదో, మనిషి రంగు ఏదో తెలియదు కదా! రెంటినీ లేపేస్తుంది. ఫలితం బూడిద పూసుకున్నట్టున్న ముఖం. దీనికి పాత చరిత్ర ఉంది. 1950ల నుంచి కొడాక్ కంపెనీ రంగుల ప్రింట్లను సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక నమూనా ఫోటో పంపేది. అందులో తెల్లజాతి యువతి ఉండేది. ఆ కార్డుకు షర్లీ కార్డు అనే పేరు స్థిరపడింది. ఆమె ముఖం బాగా వస్తే రంగులు బాగున్నట్టు. నల్లవారి ముఖాలు ఎలా వస్తున్నాయో చాలాకాలం ఎవరూ అడగలేదు. ముదురు గోధుమ రంగులు సరిగ్గా రావడం లేదని గట్టిగా ఫిర్యాదు చేసినవారు చాక్లెట్ల కంపెనీలు, కర్ర సామాను కంపెనీలు! వారి కోసం ఫిల్ము మెరుగుపడ్డాక మనుషులకూ ఆ లాభం దక్కింది. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోనుతో రియల్ టోన్ అని తెచ్చి, ముదురు చర్మాన్ని ఉన్నదున్నట్టు చూపడానికి కెమెరాను సరిచేశామని చెప్పుకొంది. అంటే అంతవరకు సరిగ్గా లేదని వాళ్ళే ఒప్పుకున్నట్టు.

అందుకే నేను హెచ్.డి.ఆర్.కు వ్యతిరేకిని కాను. పాత గ్రూపు ఫోటోలో మసిబొగ్గయిన ఆ ముఖాలను ఇవాళ వెలుగులోకి తేగలిగేది అదే. గడపలో నిలబడిన అమ్మను వెనక ఎండ మింగేయకుండా కాపాడేది అదే. కానీ వెలుగులోకి తేవడం వేరు, తెల్లగా చేయడం వేరు. నల్లని ముఖం మీద నుదుటన, చెంప ఎముక మీద, ముక్కు కొన మీద ఒక మెరుపు ఉంటుంది. దాన్ని పట్టుకుంటే చాలు, మిగతా నలుపు నలుపుగా ఉన్నా ముఖంలో భావమంతా కనిపిస్తుంది. ఆ మెరుపునూ నలుపునూ కలిపి ఒకే రంగు చేస్తే మనిషే పోతాడు.

కదిలేవాటి సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. జూరాల గేట్లు ఎత్తినప్పుడు వెళ్ళేవారు గుర్తుంచుకోండి, నీళ్ళు కదులుతాయి, మూడు ఫోటోలూ మూడు రకాలుగా ఉంటాయి, కలిపితే నురగ ముద్దగా మారుతుంది. అక్కడ ఒకే ఫోటో, వెలుగు కాస్త తక్కువగా తీసుకొని తరువాత సవరించుకోవడం మేలు. కబడ్డీ ఆటకూ అంతే. లేకపోతే ఆటగాడికి మూడు చేతులు వస్తాయి, రిఫరీ ఒప్పుకోడు.

మీ గ్రూపు ఫోటోకు మాత్రం నా మాట వినండి. మధ్యాహ్నం వద్దు, సాయంత్రం నాలుగున్నర దాటాక భవనం నీడలో నిలబడండి. ముందర ఇసుకో, సున్నం కొట్టిన గోడో ఉంటే ఇంకా మంచిది, దాని మీద పడిన ఎండ తిరిగి ముఖాల మీదకు మెత్తగా వస్తుంది. హెచ్.డి.ఆర్.ను ఆటోలో ఉంచి బ్యూటీని పూర్తిగా తీసేయండి. తెర మీద చొక్కాను కాకుండా అందరికంటే నల్లగా ఉన్నవాడి ముఖాన్ని తాకి, తరువాత వెలుగును ఒక పిసరు తగ్గించండి. పొడుగును బట్టి వరుసలు కట్టండి గానీ రంగును బట్టి కట్టనివ్వకండి, అలా నిలబెట్టే ఫోటోగ్రాఫర్లు ఇంకా ఉన్నారు. ప్రింటు వేయించడానికి వెళ్ళినప్పుడు కంప్యూటరు ముందున్న కుర్రాడు ‘కొంచెం తెల్లగా చేయమంటారా అన్నా?’ అని అడుగుతాడు. అడగకుండానే చేసేవాడూ ఉంటాడు. పక్కనే కూర్చొని వద్దని చెప్పండి.